ఖాలా చేతి మీద ఎరుపు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదని నా గట్టి నమ్మకం. భీమవరంలో నర్సింగు పూర్తిచేసి, సౌదీలోని అల్ ఖోబర్ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగంలో చేరి పట్టుమని నెల కాలేదు. పాఠ్యపుస్తకంలో బొమ్మలతో సహా అన్నీ కంఠతా పట్టి ఉన్నాను (బొమ్మల్ని కంఠతా ఎలా పడతారని అడక్కండి, నేను పట్టాను). దద్దురంటే ఎర్రగా ఉండాలి, వాపంటే ఎర్రగా ఉండాలి. ఆ బొమ్మల్లో ఉన్నవాళ్లంతా తెల్లదొరలేనన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

అలాంటి నా దగ్గరికి ఒక ఉదయం మా ఆస్పత్రిలోనే నేలలు తుడిచే సూడాన్ ఆవిడ వచ్చింది. అందరం ఖాలా అనేవాళ్లం, అంటే పిన్ని. కొత్త సబ్బుపొడి వచ్చిన దగ్గర్నుంచీ చేతులు ఒకటే మంట, దురద అంది. డాక్టరు చూసేలోపు కాగితం నింపడం నా పని. జబ్బని తేలితే ఆమెను వేరే పనికి మారుస్తారు, లేదంటే మళ్లీ ఆ బకెట్లోనే చేతులు పెట్టాలి. నేను ఆ నల్లని చేతుల్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి, "ఎరుపు లేదు, చర్మం మామూలుగానే ఉంది" అని గుండ్రంగా రాసేశాను. రాస్తూనే నా ముంజేతిని బరబరా గోక్కుంటున్నాను కూడా. (అదే డబ్బాలోంచి కాస్త పొడి తెచ్చుకుని రూములో బట్టలు ఉతుక్కుంటున్నాను మరి. నేరం మాత్రం నా రూములోనే ఉండే సీనియర్ అక్క వండిన రొయ్యల మీద మోపాను.)

ఖాలా అది గమనించింది. నా యూనిఫాం చెయ్యి పైకి మడిచి, నా ముంజేతిని తన చేతి పక్కన పెట్టి, అరబ్బీలో మెల్లిగా అడిగింది. "మరి నీది ఎర్రగా ఉందా తల్లీ?"

లేదు. నాదీ ఆమెదిలాగే, చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లబడి, చిన్న చిన్న పొక్కులతో గరుగ్గా ఉంది. అప్పుడే లోపలికి వచ్చిన ఆ రొయ్యల అక్కే (నరసాపురం మనిషి, మొహమాటం ఎరగదు) మా చేతుల్నీ నా కాగితాన్నీ చూసింది.

"ఏమే, ఎర్రగా కనపడ్డానికి మనమేమన్నా దొరసానులమా? నీ చెయ్యి తిరగేసి ఆవిడ చేతికి ఆనించి చూడు, ఎలా కాలిపోతందో."

ఆనించాను. నిజంగానే కాలుతోంది. సిగ్గుతో నా ముఖం ఎర్రబడే ఉంటుంది గానీ, అదీ ఎవరికీ కనపడి ఉండదు.

కాగితం చింపి కొత్తది రాశాను. డాక్టరు ఇద్దరికీ ఒకటే మందు ఇచ్చారు, ఖాలాను దుప్పట్లు మడతపెట్టే గదికి మార్చారు. ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత వరండాలో ఎదురుపడినప్పుడల్లా ఆవిడ నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు కొత్తగా వచ్చే నర్సులకు నేనే పాఠం చెబుతున్నాను. అప్పటి నన్ను తలుచుకుంటే కోపం రాదు, ముద్దొస్తుంది. ఇరవై మూడేళ్లు ఆ ఒంటితోనే తిరిగిన పిల్ల, దాన్ని ఒక్కసారీ సరిగ్గా చూసుకోలేదు, పాపం.