లోయిస్ ట్రాస్క్ వేలిటోపీ

సంతలో లోయిస్ ట్రాస్క్ బల్లమీద అన్నిటికన్నా ముందు కనిపించేది పగిలిన జతే. బీరువాలో పుస్తకాల వరస ఒరిగిపోకుండా అటొకటి ఇటొకటి పెట్టే బుక్‌ఎండ్లు అవి, రెండు గుడ్లగూబలు. పైన కాగితమంత పల్చటి కంచు తొడుగు, లోపలంతా సుద్ద. ఈ బుక్‌ఎండ్ల పిచ్చి పట్టిన కొత్తలో తెలియక వంటింటి తొట్టిలో సబ్బు పెట్టి కడిగేసింది. సుద్ద అడుగునుంచి నీళ్ళు తాగి, చలికాలమంతా ఉబ్బి ఉబ్బి, మంచు కరిగే వేళకి గుడ్లగూబల వీపులు చీల్చుకుని బయటికొచ్చింది.

"ఇవెంతకిస్తావమ్మా?" అని ఎవరైనా అడిగితే, "అవి అమ్మను. నా చదువుకి కట్టిన ఫీజు" అంటుంది.

పశ్చిమ మాసచూసెట్స్ కొండల్లో, మే నెలలో, బురద ఇంకా ఆరని పొలంలో జరిగే పాతసామాన్ల సంత అది. లోయిస్ ఆ ఊరి బడిలో వంట చేసి రిటైరయింది. ఆమె దగ్గర కొనేవాళ్ళకన్నా, ఎక్కడో బేరమాడిన బొమ్మని చంకన పెట్టుకుని చూపించడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. బొమ్మ మొహం ఆమె చివర్న గానీ చూడదు. ముందు తిరగేసి అడుగున అంటించిన ఉన్నిగుడ్డ చూస్తుంది. చిమటలు కొట్టిన పాత గుడ్డయితే సంతోషం. కొత్త గుడ్డ కనిపిస్తే, "ఏం దాస్తున్నావురా?" అని బొమ్మనే అడుగుతుంది. తర్వాత వాసన. నేలమాళిగలో చెమ్మ పట్టిన సరుకు ముక్కుకి దొరికిపోతుంది. తర్వాత రంగు. ముక్కుమీదా భుజాలమీదా చేతులు తగిలి అరిగితే అది వయసు. ఒళ్ళంతా తళతళలాడిందంటే ఎవడో పాలిష్ పెట్టి చంపేశాడన్నమాటే.

అన్నిటికన్నా చివర్న వేలిటోపీ. వాళ్ళమ్మ కుట్టుపనిలో సూది గుచ్చుకోకుండా తొడుక్కునే వెండిది. దాన్ని చూపుడువేలికి తొడిగి నడినెత్తి నుంచి పాదాల దాకా టక్ టక్ మని కొట్టుకుంటూ వస్తుంది. తొడుగు సుద్దని పట్టుకునున్నచోట చప్పుడు బిగువుగా, పొట్టిగా వస్తుంది. వదిలేసినచోట ఎండు కోడిగుడ్డు పెంకులా గరగరలాడుతుంది. అప్పుడు ఒకే మాట: "పట్టుంది", లేదా "వదిలింది." ఆ మాట పడ్డాక బేరగాళ్ళు నోరెత్తరు.

ఈ చలికాలం ఒక మధ్యాహ్నం బొమ్మల దుమ్ము దులుపుతూ ఊరికే గుడ్లగూబ వీపుమీద కొట్టింది. చీలిన తొడుగు. గరగరలాడాలి. బిగువుగా పలికింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొట్టింది. అదే చప్పుడు. బొమ్మ బాగుపడదు కదా, చెడింది తన చెవే. లోయిస్ దాన్ని కిందపెట్టి, చల్లారిన కాఫీ తాగేసి, దుమ్ము దులపడం పూర్తిచేసింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ బల్ల దగ్గర ఆగేవాళ్ళు ఉండరు. చెప్పకపోతే ఆమె మాట నమ్మి ఎవరో ఒకరు తొడుగు వదిలేసిన సరుకు ఇంటికి మోసుకుపోతారు. మే నెల దాకా రెండిటి మధ్యా నలిగి, ఏదీ తేల్చుకోకుండానే బల్ల పరిచింది.

మొట్టమొదట వచ్చినవాడు వార్డ్ పెల్కీ. పాల లారీ తోలి మానేసిన మనిషి, లోయిస్‌ని వేధించడమే పనిగా పెట్టుకున్న పాత స్నేహితుడు. ఒక చేతిలో డోనట్ల సంచి, ఇంకో చేతిలో కంచు బొమ్మ. వెనకాలే ఆ బొమ్మ అమ్ముతున్న కుర్ర వ్యాపారి గిల్మన్.

"దొరికాడు లోయిస్! మా సన్యాసికి తమ్ముడు!"

వార్డ్ ఇంట్లో పుస్తకంమీద కునికిపాట్లు పడే సన్యాసి బొమ్మ ఒక్కటే ఉంది. జతవాడి కోసం వార్డ్ తిరగని సంత లేదు.

"నీలాగే నిద్రపోతున్నాడు. నీ తమ్ముడేమో చూసుకో" అంది లోయిస్.

"నాకన్నా అందగాడు. కొట్టి చెప్పు, తల్లీ."

గుడ్డ పాతదే. వాసన లేదు. రంగు తేనెలా ఉంది. వేలిటోపీ తొడిగింది. నెత్తి, భుజం, వెనకాల ముసుగు మడత. అన్నిచోట్లా ఒకటే చప్పుడు.

"ఏమంటారు మిసెస్ ట్రాస్క్?" గిల్మన్ చేతులు నలుపుకున్నాడు.

ఇంత కాలం పలికి పలికి నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. "పట్టుంది."

గిల్మన్ వెలిగిపోయాడు. వార్డ్ అక్కడికక్కడే డబ్బిచ్చి, బొమ్మని స్వెట్టర్లో చుట్టుకున్నాడు.

మధ్యాహ్నం చర్చివాళ్ళ డేరా కింద ఇద్దరూ బెల్లం పాకంలో ఉడికిన చిక్కుడుగింజలు, నల్లరొట్టె తింటున్నారు. లోయిస్ రొట్టె తుంపుతోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఆ బొమ్మ తిరిగిచ్చెయ్" అంది.

"ఎందుకు?"

"నాకు వినపడలేదు వార్డ్. చలికాలం నుంచీ ఆ చప్పుడు వినపడటం లేదు. ఉత్తినే చెప్పాను."

వార్డ్ నమిలి మింగాడు. "తెలుసు. మార్చిలో మీ ఇంటికొచ్చినప్పుడు పొయ్యిమీద కెటిల్ కూత పెట్టి చస్తోంది. నువ్వు దానికి వీపు పెట్టి కూర్చుని వాతావరణం గురించి చెబుతున్నావు. నేనే లేచి దింపాను."

"మరి బొమ్మ?"

"ముసుగు వెనకాల వదిలింది. గిల్మన్ చూడకుండా గోటితో కొట్టి చూశాను."

"తెలిసి కొన్నావా?"

"ఇంకోడు దొరికే దాకా నేను బతికుండాలిగా."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చావు, వెధవా!" పక్కబల్లవాళ్ళు తిరిగి చూశారు.

"నీకు చూపించకుండా కొంటే సాయంత్రానికల్లా పొలమంతా అడుగుతుంది, లోయిస్‌కి ఏమైందని. నువ్వే ఎలాగో 'వదిలింది' అనేస్తావేమో అనుకున్నా."

"నాచేత అబద్ధం ఆడించావు."

"ఆడింది నువ్వు. నేను డోనట్లు తెచ్చాను."

లోయిస్ మిగతా రొట్టె తినేసింది. ముందు వార్డ్‌ని వెంటబెట్టుకుని గిల్మన్ బల్ల దగ్గరికి వెళ్ళి, ముసుగు వెనకాల వదిలిందనీ తను తప్పు చెప్పిందనీ చెప్పింది. గిల్మన్ కొంత డబ్బు తిరిగివ్వబోతే వార్డ్ తీసుకోలేదు. తిరిగొచ్చేసరికి లోయిస్ బల్ల ముందు ఒకావిడ రెండు తెరచాప ఓడ బొమ్మలు పట్టుకుని నిలబడి ఉంది.

లోయిస్ వేలిటోపీ తీసి వార్డ్ ముందు పెట్టింది. వార్డ్ వేళ్ళు లావు. చిటికెనవేలికి గానీ ఎక్కలేదు, అదీ గోరు దాకానే.

"గుడ్డ, వాసన, రంగు నేను చూస్తాను. నాకు చెవులు పోయాయి, చప్పుడు ఇతను వింటాడు" అంది లోయిస్ ఆవిడతో, పక్కవాళ్ళకి కూడా వినపడేలా. "ఇతని మాట నచ్చకపోతే ఇంకో బల్లకి వెళ్ళొచ్చు."

ఆవిడ వార్డ్‌నీ, వేలి చివర ఊగుతున్న టోపీనీ చూసి ఒక క్షణం ఆలోచించింది. తర్వాత ఓడల్ని బల్లమీద పెట్టింది.

"మెల్లగా కొట్టు" అంది లోయిస్. "అది పాల డబ్బా కాదు."