అవ్వ సంచిలో మక్కగింజ

ఇవాళ పేట్ బషీరాబాద్‌లో ఒక దుకాణంలో చింతగింజలు ప్యాకెట్లలో అమ్ముతుంటే చూశాను. చిన్నప్పుడు మనిద్దరం ఆడిన వామనగుంటల చింతగింజలే. ఒకటి కొని చేతిలో పోసుకున్నాను. అదే నునుపు, అదే చల్లదనం.

పదో తరగతిలో, పిల్లలెలా పుడతారో చెప్పే పాఠాన్ని సారు "ఇంటికాడ సదువుకోండ్రి" అని వదిలేశారు, గుర్తుందా? నేను నిజంగానే చదివాను. ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్ అని అందులో ఉంది. మేం ముగ్గురం ఆడపిల్లలం. కొడుకును కనలేదని అవ్వ, అంటే బాపు తల్లి, అమ్మను రోజూ దెప్పేది.

ఆ సాయంత్రం అమ్మ చేతిలో రెండు చింతగింజలు పెట్టాను. బాపు చేతిలో ఒక చింతగింజ, మొక్కజొన్న కంకి నుంచి ఒలిచిన ఒక మక్కగింజ.

"అవ్వా, కండ్లు మూసుకొని ఇద్దరి తాన ఒక్కోటి తియ్యి. రెండూ చింతగింజలైతే ఆడపిల్ల. మక్కగింజ వస్తే మొగపిల్లగాడు."

అవ్వ తీసింది, మళ్లీ తీసింది. కాసేపటికి ఆగింది.

"మీ అమ్మ తాన మక్కగింజ లేనే లేదు గదనే."

"లేదమ్మా," అన్నాడు బాపు. "అది నా తాన్నే ఉన్నది. ఇగ నీ కోడలినేమనకు."

అమ్మ చాలాసేపు పిడికిలి విప్పలేదు.

అవ్వ ఆ గింజల్ని తన తమలపాకుల సంచిలో వేసుకుంది. కొన్నాళ్లకు పక్కింటి బాలమ్మ వచ్చి, కోడలు మళ్లీ ఆడపిల్లనే కన్నదని ఏడ్చింది. బడి గడప తొక్కని మా అవ్వ సంచి విప్పి, గింజలు అరుగు మీద పోసింది.

"కోడలినెందుకంటవ్ బాలమ్మా? జర నీ కొడుకును పిలువు."