పందులు బోడివైన ఏడు

“తవుడు కంటికి కనపడకుండా పోతాంటే, ఊరికే వచ్చే ఆకుపొడిని వద్దంటావేంది అత్తా?”

“వద్దంటే వద్దు. సూడి పందికైతే అసలే పెట్టగాకు.”

“బియ్యం కడిగిన నీళ్లు పారబోస్తే ఇల్లెగరగొట్టేదానివి, నువ్వేనా ఈ మాట సెప్పేది?”

మొన్న సాయంత్రం నా కోడలు రత్న సంచి మూతి విప్పుతూ నాతో పడిన గొడవ ఇది. సుబాబులు ఆకు ఎండబెట్టి, మరలో ఆడించుకొచ్చింది. తవుడులో కొద్దిగా కలిపితే మంచిదేనని పశువుల డాక్టరు చెప్పాడట. ఆయన మాట తప్పని నేననను. కానీ ఆ పచ్చివాసన ముక్కుకు తగలగానే నా వేళ్ల మధ్య ఏదో మెత్తగా ఊడివచ్చినట్టయి, చేయి కొంగుకు తుడుచుకున్నాను.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో మా పల్లె. మా నాయన పందులు మేపేవాడు. పత్తి ఏరడం అయిపోయి, చేలు బోసిపోయి, ఆదోని మార్కెట్టుకు పోయే బండ్ల మీంచి ఎగిరిన దూది తుమ్మకంపలకు పట్టుకొని వేలాడే రోజుల్లో, పొద్దున్నే జొన్నరొట్టె, ఎర్రకారం తిని, దేవర పండగనాడు మాత్రం బొరుగుల ఉగ్గాని తిని, మేం పందుల బొచ్చు పీకే పనికి కూర్చునేవాళ్లం. బ్రష్షులు చేయడానికని ఆదోని నుంచి సైకిలు మీద వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. నలుగురు పందిని అదిమి పట్టుకుంటే, నాయన చేతులకు బూడిద రాసుకొని వీపు మీది పొడుగాటి వెంట్రుకలు లాగేవాడు. పంది అరుపు రోడ్డు దాకా వినపడేది. మేం పిల్లలం చెవుల్లో వేళ్లు పెట్టుకొని నవ్వేవాళ్లం.

వానల్లేని ఒక ఏడు తవుడు కరువైంది. రోడ్డు పక్కన సర్కారువాళ్లు నాటిన సుబాబులు చెట్లు మాత్రం పచ్చగా ఉండేవి. మూడో తరగతితో బడి మానిన నాకు పందుల మేత అప్పజెప్పి, రెండు చేటల తవుడుకు ఒక చేట ఆకుపొడి కలపమంది అమ్మ. నేను రోజూ తవుడు తగ్గిస్తూ, మిగిలింది కుండలో దాస్తూ, చివరికి ఉత్త ఆకుపొడే తొట్టిలో పోశాను. కుండ నిండిన రోజు అమ్మ దాన్ని అవ్వకు చూపించి, “నా బిడ్డ చేతిలోంచి గింజ జారదు సూడు,” అంది. అమ్మ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

బొచ్చు పీకే రోజు వచ్చింది. నాయన లాగాడు. పిడికెడు వెంట్రుకలు తడిబూడిదలోంచి గడ్డి వచ్చినట్టు వచ్చాయి. పంది అరవలేదు. గోడ వైపు చూస్తూ ఊరికే నిలబడింది. పట్టుకున్న నలుగురూ ఒకరి తర్వాత ఒకరు చేతులు తీసేశారు.

ఎనిమిది రోజులకు మందంతా బోడిదైంది. మునిమాపువేళ ఆ ముడతల తోలు చూస్తే, గోడ పక్కన మనుషులెవరో మోకాళ్ల మీద వంగి ఉన్నట్టుండేది. కడవ నీళ్లలో వెంట్రుకలు, సంగటిలో వెంట్రుకలు, నా జడలో పంది వెంట్రుకలు. సూడి పంది నెలలు నిండకుండానే ఈనింది. ఒక్క పిల్లా ఊపిరి తీయలేదు. పెరట్లో కట్టేసిన కుంటి పంది ఒక్కటే, మా ఇంటి కుడితి తాగి బతికేది, నిండా బొచ్చుతో ఉంది. అది చూసిన రోజే నాకు తెలిసిపోయింది, ఇది ఆకు పని అని.

ఊరి చూపు ఆకు మీద పడలేదు. పక్కింటి సుంకమ్మ సాయంత్రమైతే కబుర్లు చెబుతూ టెంకాయ పీచుతో మా పందుల వీపులు గోకేది. అవంటే ఆమెకు ముద్దు. ఆమె చెయ్యే తగిలిందన్నారు. తడిబట్టలతో దేవర ముందు ప్రమాణం చేయమన్నారు. కోక అంచు నుంచి నీళ్లు కారుతుంటే సుంకమ్మ నిలబడి, “నా చేత్తో కీడు సేసింటే నా కొడుకు నాకు దక్కగూడదు,” అంది. నేను అమ్మ కొంగు పట్టుకొని అక్కడే ఉన్నాను. గింజ జారనివ్వని పిల్లనన్న పేరు పోతుందని నోరు విప్పలేదు.

ఆమెను ఎవరూ నమ్మలేదు. నిప్పుకు, ఉప్పుకు కూడా ఆ గడప తొక్కడం మానేశారు. వారం తిరక్కుండా కొడుకును తీసుకొని హాలహర్విలోని పుట్టింటికి పోయింది. ఆ రోజే నేను భయంతో ఆకుపొడి దిబ్బలో పారేసి, కుండలో దాచిన తవుడు పందులకు పోయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు వాటి వీపుల మీద సన్నగా నూగు మొలిచింది.

“సూసినారా? ఆయమ్మ పోయింది, బొచ్చు వచ్చింది,” అన్నారు ఊళ్లోవాళ్లు. అప్పటిదాకా అది అనుమానమే. దాన్ని రుజువు చేసింది నా చేతులే.

ఇప్పుడు పంది బొచ్చు కొనేవాళ్లు మా వైపు రారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్లూ పోయాయి. మా ఊళ్లో ఆ ఏటి మాట ఎత్తేవాళ్లు కూడా లేరు. మొన్న సాయంత్రమే మొదటిసారి రత్నకు ఇదంతా చెప్పాను. రత్న సంచి మూతి మళ్లీ కట్టేసింది.

“ఆయమ్మ ఉందా అత్తా?” అని మాత్రం అడిగింది.

ఇన్నేళ్లలో నేను వాకబు చేయలేదు.

మర్నాడు పొద్దున ఆదోని పోయి, అక్కడ హాలహర్వి బస్సెక్కాను. నలుగురిని అడిగితే ఇల్లు దొరికింది. తల నెరిసిన మనిషి వాకిట్లో ఉన్నాడు, సుంకమ్మ కొడుకు. మా నాయన పేరు చెప్పి, నిలబడే జరిగిందంతా చెప్పాను.

“మాయమ్మ సచ్చేదాంకా మళ్లా ఏ పశువునూ ముట్టుకోలే,” అన్నాడు.

లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.