లెక్కలోంచి తీసేసిన దగ్గు

మార్గళి (ధనుర్మాసం) చలి మొదలై వారమైనా కాకముందే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఒక పట్టిక వచ్చి పడింది. మామూలు జలుబు, ఫ్లూ, కొవిడ్, ఛాతీ పడిశం (బ్రాంకైటిస్), న్యుమోనియా అని అయిదు నిలువు గళ్లు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ముక్కు, గొంతు, దగ్గు, ఆయాసం అని ఆరు అడ్డ వరుసలు. ఎన్నో చేతులు మారి వచ్చినట్టు పైన గుర్తు కూడా ఉంది. చూడగానే పోల్చుకున్నాను, ఎందుకంటే దాన్ని గీసింది నేనే. ‘ఎప్పటినుంచో దగ్గు ఉన్నవారు ఆ దగ్గును లెక్కలోంచి తీసేసి మిగతా లక్షణాలు చూసుకోవాలి’ అని అడుగున ఉన్న వాక్యమూ నాదే. ఆ వాక్యం తప్పు అని వెంటనే గ్రూపులో రాశాను. ఇద్దరు ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఎందుకు తప్పో రాయడానికి అక్కడ చోటు చాలదు కాబట్టి, నాలాగే డిప్లొమా చేతబట్టుకుని టిఫిను క్యారియరుతో మొదటి ఉద్యోగానికి రైలెక్కిన నా ఈడువాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి ఉద్యోగం తిరువళ్లూరులో, ఫ్యాక్టరీల నుంచి వచ్చే కొలత పరికరాలను సరిచూసే ఒక చిన్న కంపెనీలో. ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు, తూకాలు ఏవి వచ్చినా మా పని ఒకటే: ఏమీ కొలవనప్పుడు ముల్లు సున్నా దగ్గర నిలబడుతోందా చూడటం, నిలబడకపోతే ఎంత తేడా ఉందో రాసుకుని ఆ తేడాను ప్రతి కొలత నుంచీ తీసేయడం, చివరికి మళ్లీ ఎప్పుడు సరిచూడాలో తేదీ వేసిన స్టిక్కరు అంటించడం. ఇరవైమూడేళ్ల వయసులో లోకంలోని అన్ని చిక్కులూ ఇలాగే తీరతాయని నాకు గట్టి నమ్మకం ఉండేది. దీన్ని ఇప్పుడు సిగ్గుపడి చెప్పడం లేదు, ఆ నమ్మకంలో ఒక సుఖం ఉండేది, ఇప్పుడు ఆ సుఖం లేదు.

ఆ రోజుల్లో నేను మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. తిరుత్తణికి పడమట, బస్సులో అరగంట దూరంలో ఉన్న నేతవాళ్ల వీధి అది. పొద్దున్నే బస్సు, తిరుత్తణిలో రైలు, సాయంత్రం అదే దారి వెనక్కి. మామది గుంటమగ్గం, లుంగీలు నేసేవాడు. అత్త వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. నేసేవాడికి కండె అయిపోయే వేళకు ఇంకో కండె సిద్ధంగా ఉండాలి కనుక, ఆమె చుట్టడమూ ఆయన నేయడమూ ఒకే నడకలో సాగేవి. మధ్యాహ్నం అన్నం వేళకు బుట్ట ఖాళీ అయ్యేది, అన్నాలయ్యాక మళ్లీ నిండేది. వీధిలో ఇరవైకి పైగా మగ్గాలు ఉండేవి. నూలు దుమ్ము వల్ల నేసేవాళ్లందరికీ దగ్గు ఉండేది. అది ఎంత మామూలంటే, ఎవరైనా పిల్లనిచ్చే ముందు అబ్బాయికి దగ్గుందా అని అడిగిన దాఖలా లేదు. మగ్గం ఉంది కదా, దగ్గు ఉంటుంది.

పట్టిక గీసిన చలికాలం కొవిడ్ భయం ఇంకా పూర్తిగా పోని కాలం. ఎవరు తుమ్మినా పక్కవాళ్లు ముక్కుకు పైట కొంగు అడ్డం పెట్టుకునేవారు. అందుకే ఒక ఆదివారం కూర్చుని, డాక్టర్లు చెప్పిన వాటినీ చదివిన వాటినీ వరుసలో పెట్టాను. మామూలు జలుబు ముక్కుతో మొదలై మెల్లగా వస్తుంది, జ్వరం ఉంటే కొద్దిగా, వారం పది రోజుల్లో పోతుంది. ఫ్లూ ఒక్కసారిగా పడేస్తుంది, పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి జ్వరంతో, ఒళ్లు నొప్పులతో దుప్పటి కప్పుకుంటాడు. కొవిడ్ ఈ రెండింటిలో దేనిలాగైనా కనబడవచ్చు, పరీక్ష చేస్తే తప్ప తేలదు. ఛాతీ పడిశంలో దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. కళ్ల దురద, తుమ్ములు ఉండి జ్వరం లేకపోతే అది ఒంటికి దుమ్ము పడకపోవడం, ఎలర్జీ, దానికి వేరే గడి పెట్టలేదు. ఏదైనా సరే విశ్రాంతి, వేడి నీళ్లు, ఉప్పునీటి పుక్కిలింత, జ్వరానికి పారాసిటమాల్, ముఖానికి మాస్కు, డాక్టరు రాయకుండా యాంటీబయాటిక్ వద్దు. ఇవన్నీ ఇప్పటికీ సరైనవే. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి రాశాను. మా ఈడువాళ్లంతా తమిళంలోదే చదివారు, తెలుగుది మామ ఒక్కడే కూడబలుక్కుని చదివి, తిరగేసి చూసి నవ్వాడు.

“బాగుండాది అల్లుడా. నాకు గూడా ఒక స్టిక్కరు అంటించి తేదీ ఏసెయ్, మళ్లా ఆ తేదీకి దగ్గుతా.”

ఆ తేదీ నిజంగానే వేసినట్టు పదిరోజులకే మామ పడకేశాడు. సోమవారం మధ్యాహ్నం మగ్గం మీదే వణుకు మొదలైంది. థర్మామీటరు మా కంపెనీలో సరిచూసినది, అందులో సందేహం లేదు. నూటరెండు. ఒక్కసారిగా రావడం, ఒళ్లు నొప్పులు, ఆకలి లేకపోవడం: ఫ్లూ గడిలో మూడు టిక్కులు. కొవిడ్ కిట్ తెచ్చి చూశాను, ఒక గీతే వచ్చింది, అంటే కొవిడ్ కాదు. రోజుకు మూడుసార్లు జ్వరం చూసి కాగితం మీద రాశాను. గురువారానికి తొంభై ఎనిమిది చిల్లరకు దిగింది. దగ్గు మాత్రం ఉంది, కానీ అది నా దృష్టిలో ముల్లుకు ఎప్పుడూ ఉన్న తేడా. సున్నా దగ్గర ఎంత ఉందో తెలుసు కనుక తీసేశాను. ‘ఫ్లూ, తగ్గుముఖం’ అని రాసి కింద గీత గీశాను. శనివారం మామ మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు.

ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. అత్త మిరియాల రసంతో అన్నం పెట్టి, తిరిగి రాట్నం దగ్గరికి పోయి, చుట్టడం మొదలుపెట్టకుండా బుట్టనే చూస్తూ కూర్చుంది.

“రేయ్, పొద్దున సుట్టిన బుట్టలో సగం అట్నే ఉండాది సూడు.”

“జొరం ఇడిసినాక రెండు వారాలు నీరసం ఉంటాది అత్తా. పట్టికలో రాసినా గదా.”

“నీరసమయితే ఒక లుంగీ నేసి ఆగతాడు. ఈయప్ప నాలుగు పోగులకే ఆగతా ఉండాడు. కాలు తొక్కతాది, సెయ్యి రాదు. ఊపిరి తీసుకోను ఆగతాడు రా. నీ సెవికి ఇనబళ్ళేదా?”

వినబడలేదు. ఆ ఇంట్లో రెండేళ్లు ఆ మగ్గం చప్పుడు మధ్యే నిద్ర లేచాను, అన్నం తిన్నాను, కానీ దాన్ని ఎప్పుడూ కొలతగా అనుకోలేదు. ఆమె చెప్పాక కూర్చుని విన్నాను. నాలుగు దెబ్బలు, ఖాళీ, అయిదు దెబ్బలు, ఖాళీ, మూడు దెబ్బలు. ఆ ఖాళీల్లో పక్కింటి మగ్గం చప్పుడు వినబడింది. మామను లేపి మంచం మీద కూర్చోబెట్టి, మాటలేం పెట్టకుండా, చొక్కా లేచి దిగడాన్ని ఫోనులో గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టాను. కూర్చున్న పెద్దమనిషికి ఇరవై లోపు ఉండాలి. ముప్ఫై వచ్చింది. అలవాటు కొద్దీ ఇంకో రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి, ముప్ఫై. ఒళ్లు చూస్తే చల్లగానే ఉంది. జ్వరం లేకుండా కూడా ఊపిరితిత్తులు చెడిపోతాయని, వయసు పైబడిన వాళ్లలో అది మామూలేనని, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరే జబ్బును అసలు నమ్మకూడదని న్యుమోనియా అని రాసిన నా అయిదో గడిలో ఎక్కడా లేదు.

మామ మాత్రం కదలనన్నాడు. “ఈ పడుగులో ఇంగ రెండు లుంగీలే. దించేసి రేపు పోదాం, సుమ్మా ఊరుకుండండి ఇద్దురూ.” ఆ మాట చెప్పడానికే మధ్యలో రెండుసార్లు ఆగాడు. అత్త కండెల బుట్ట ఎత్తుకుపోయి అటక మీద పెట్టి, నిచ్చెన తీసేసి, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలో కండె లేకపోతే నేసేదేమీ లేదు. మామ అటక వైపు చూసి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

తిరుత్తణిలో డాక్టరమ్మ వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టి, వీపు మీద స్టెతస్కోపు రెండు చోట్ల ఎక్కువసేపు ఉంచి, తిరువళ్లూరుకు పంపే చీటీ రాస్తూనే దగ్గు ఎప్పటినుంచి అని అడిగింది. ఆయనకు ఎప్పుడూ ఉంది అని నేనన్నాను. అత్త నన్ను అడ్డుకుని, తమిళంలో, గురువారం నుంచి మారిందని చెప్పింది: అంతకుముందు గొంతులో గీరే పొడి దగ్గు, ఇప్పుడు అడుగునుంచి తెమడతో వచ్చేది, దగ్గేటప్పుడు కుడి పక్క పట్టుకుంటాడు. డాక్టరమ్మ అత్త చెప్పింది రాసుకుంది. నేను పట్టుకుపోయిన కాగితాన్ని మర్యాదగా చూసి వెనక్కి ఇచ్చింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే అని మొదలుపెట్టి, మామ వింటున్నాడని ఆపేసింది.

తిరువళ్లూరు ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. మొదటి మూడు రోజులు ఆక్సిజన్. మా కంపెనీ అక్కడికి నడిచిపోయేంత దూరం, మధ్యాహ్నాలు నేనే అన్నం తీసుకుపోయేవాణ్ణి. మంచం పక్క గోడకున్న ఆక్సిజన్ గేజీ స్టిక్కరు మీద తేదీ చూడకుండా ఉండలేకపోయాను, అది సరిగ్గానే ఉంది. నాలుగోరోజు మామ మాట్లాడిన మొదటి మాట, అత్త బుట్ట దించిందా లేదా అని.

ఆయన బతికాడు. ఊపిరి మాత్రం మునుపటిది కాలేదు. ఆ రెండు లుంగీలూ పక్కింటాయన నేసి దించాడు. మరుసటి ఏడు మగ్గం తీసేశారు, గుంట పూడ్చి సిమెంటు చేశారు, ఇప్పుడక్కడ మంచం ఉంది. వీధిలో మిగిలినవాళ్లు ఒక్కొక్కరే పవర్లూముకు మారారు. ఊరి బయట షెడ్లలో పొద్దుగూకులు ఒకే దరువు. నేను ఒకసారి అక్కడ నిలబడి విన్నాను. పక్కన నిలబడ్డవాడు దగ్గుతున్నాడు, ఒకసారి గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. యంత్రం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

నేనిప్పుడు తిరువళ్లూరులోనే కాపురం. చలికాలమంతా పొద్దున్నే అత్తకు ఫోను చేస్తాను. వేలి మిషను చూసి అంకె చెబుతుంది, తొంభై ఆరు, తొంభై ఏడు, నేను రాసుకుంటాను. మామ బాగున్నాడా అని అడిగితే మునుపు మగ్గం ఆడే రోజుల్లో అయితే ‘నీ సెవికి ఇనబళ్ళేదా’ అని ఆమె నన్ను ఎగతాళి చేసి ఉండేది. ఇప్పుడు మాత్రం, “ఏమో రా, పొద్దస్తమానం కూచోనే ఉంటాడు, నాకు యాడ తెలస్తాది,” అంటుంది.