రేపల్లెలో నాకెవరూ లేరు

ఎంసెట్ రెండోసారి రాయాలి. మూడు రోజులుగా పుస్తకం తెరిస్తే చాలు, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, తల పగిలిపోతోంది. ఇవాళ పొద్దున కోచింగ్‌కని బయలుదేరి, తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజర్ ఎక్కేశాను. ఖాళీ చేపల గంపతో పక్కన కూర్చున్న పెద్దమ్మ అడిగింది.

"రేపల్లెలో ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి. అందుకే వెళ్తున్నా. అక్కడ నా ర్యాంకు ఎవరూ అడగరు."

ఆమె పకపకా నవ్వి, కిటికీ పక్క చోటు నాకిచ్చింది.

రేపల్లెలో దిగి గోలీసోడా తాగాను. రైలుకి నీళ్లు పడుతున్నారు. ఆగిందని దాన్నెవరూ తిట్టలేదు. అదే బండికి తిరిగొచ్చాను.

సాయంత్రం నాన్న ఎప్పట్లాగే, "ఇవాళ ఎన్ని పాఠాలయ్యాయి?" అన్నారు.

"ఒక్కటీ కాలేదు నాన్నా. తలనొప్పి మాత్రం పోయింది."

రేపు చదువుతాను. మళ్లీ తల పగిలిపోతే మళ్లీ రైలెక్కుతాను. మీలో ఎవరైనా వస్తారా?