హారిక మాట పూర్తయ్యేదాకా

ఇంటర్ అయ్యాక ఇంగ్లండులో బట్టల డిజైన్ చదువుతానంది మా హారిక. అక్కడ ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చదివి, ఆ తర్వాత డిగ్రీలో చేరాలట. ఏ యూనివర్సిటీ అన్నదే తేలలేదు. విజయవాడలో ఒక హోటల్‌కి అక్కడి యూనివర్సిటీలవాళ్ళే వస్తున్నారని తెలిసి, ఆదివారం తెల్లవారుతూనే చిలకలూరిపేటలో బస్సెక్కాం. మావారు మిరపకోతల వల్ల రాలేకపోయారు.

హారికకి చిన్నప్పటినుంచీ నత్తి. కొత్తవాళ్ళ దగ్గర ఇంకాస్త ఎక్కువవుతుంది. కిటికీ పక్కన కూర్చుని, అడగాల్సిన ప్రశ్నని దారంతా లోలోపలే వల్లె వేసుకుంటూ ఉంది.

గుంటూరు దగ్గరపడేసరికి మిర్చి లారీల ఘాటుకి బస్సంతా తుమ్ములు. పక్క సీటు పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే మా సంగతి అడిగి తెలుసుకుంది.

"అంత చలిదేశమా? మంచి బొంత కుట్టించి పంపమ్మా" అంది. పొద్దుటినుంచి హారిక నవ్వడం అదే మొదలు.

గుంటూరు బస్టాండులో ఇడ్లీలు తిని, బస్సు మారి, పది దాటాక విజయవాడలో దిగాం.

హోటల్లో ముందు పాత, పేరున్న యూనివర్సిటీవాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళాం. మావారి మనసు దానిమీదే. హారిక మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. అక్కడున్న కుర్రాడు మర్యాదగానే, "ఫీజులా? హాస్టలా?" అని తనే అందించాడు. హారిక తల ఊపి వచ్చేసింది.

రెండోది ఈమధ్య వచ్చిన యూనివర్సిటీ. మా ఊళ్ళో ఎవరూ పేరు విననిది. అక్కడ కూర్చున్న తెల్లావిడది ఇంచుమించు నా వయసే. హారిక మొదలుపెట్టింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. నేను తెలుగులోనైనా అందుకోబోయి నోరు కట్టేసుకున్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, తొందరేమీ లేనట్టు దాని ముఖంలోకే చూస్తూ కూర్చుంది. చివరికి ప్రశ్న పూర్తయింది. ఇంట్లో నాకు ముందే చెప్పిన ప్రశ్నే, క్లాసులో అందరి ముందూ నిలబడి మాట్లాడాలా అని.

"మాట్లాడాలటమ్మా. కానీ చిన్న క్లాసట, నాకు టైము ఎక్కువిస్తారట" అని హారిక నాకు తెలుగులో చెప్పింది. తర్వాత ఆవిడ మగ్గాల ఫొటోలు, రంగుల తొట్ల ఫొటోలు చూపించింది. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఇంగ్లీషు రాదు. కూతుర్నే చూస్తూ కూర్చున్నాను.

భోంచేసి తిరుగు బస్సెక్కాం. మంగళగిరి దాటాక హారికే స్పీకర్ పెట్టి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి, ఆ కొత్త యూనివర్సిటీలోనే చేరతానని చెప్పింది.

"పేరున్నది వద్దా తల్లీ? ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?" అన్నారాయన.

"మా... మా అమ్మాయి చదివే చోటని చెప్పు నాన్నా."

ఆయన కూలీలకేదో పురమాయించి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చారు.

"సరే. ఆ పేరేదో నిదానంగా చెప్పు, నేర్చుకుంటాను" అన్నారు.

హారిక ఒక్కో ముక్కా చెప్పింది. ఆయన తప్పు పలికినప్పుడల్లా మళ్ళీ చెప్పింది. నా బెంగ తీరిందని అనను. కానీ పేట వచ్చేలోపు ఆ పేరు నాకూ వచ్చేసింది.