మెమరీలో చెడిన చోటు

ధర్మవరంలో నేను పట్టుచీరల డిజైన్లు గీసిన గది తలచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. ప్రతి శుక్రవారం కంప్యూటర్ నెత్తిన పసుపు, కుంకుమ. గాలి ఆడే కంతల నిండా ఊదుబత్తి బూడిద. పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చి ఆ బూడిద తుడుచుకోవడంతో నా ఉద్యోగం మొదలయ్యేది.

ఆ కంప్యూటర్ ఎవరో వాడి పారేసింది. మా ఓనరు హిందూపురంలో బేరమాడి తెచ్చాడు. నేను గీసిన బొమ్మను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ రంధ్రాలను బట్టి మగ్గం మీద పోగులు లేస్తాయి. తీరా చూస్తే నేను దాచిన బొమ్మ ఒకటి, మళ్లీ తెరిస్తే వచ్చేది ఇంకొకటి. అంచులోని నెమళ్ల మెడల మీద నేను పెట్టని చుక్కలు! ఓనరుకు తెలిసిన మందు ఒక్కటే.

"ఫార్మాట్ కొట్టబ్బా, సరిపోతాది."

కొట్టాను. మళ్లీ కొట్టాను. చీదర పుట్టింది.

ఈలోగా నేను సరిచూసి దాచిన పెళ్లిచీర బొమ్మ ఒకటి అట్టలు కొట్టే వేళకు చెడిపోయి, అలాగే ఒక పెద్దాయన మగ్గానికి చేరింది. మా దగ్గర చీర వెనకవైపు పైకి ఉండేలా నేస్తారు. మగ్గం నుంచి కోసి తిప్పేదాకా ఆ చుక్కలు ఆయనకు కనపడలేదు. ఓనరు ఆ చీరను నలుగురి ముందు ఆయన కాళ్ల దగ్గరికి విసిరేశాడు.

"కండ్లు పోయినాయా నీకు? ఇంక నీకు వార్పు ఇచ్చేది లేదు, పో!"

వార్పు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, ఇవ్వకపోతే ఆయన ఇంట్లో మగ్గం ఆగిపోయినట్టే. ఆయన చీర మడతపెట్టి బల్ల మీద ఉంచి వెళ్లాడు.

నాకు ఒళ్లు మండింది. మెమరీని పరీక్షించే ప్రోగ్రాం పెట్టి కూర్చున్నాను. ఎన్నిసార్లు తిప్పినా తప్పు ఒకే చోట. అక్కడ రాసింది రాసినట్టు నిలవడం లేదు. ఆ చిప్పేమో బోర్డుకే అతికించిన రకం, మార్చే వీల్లేదు. కొత్త కంప్యూటర్ అనగానే ఓనరు మొహం చిట్లించాడు. చివరికి ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యే దగ్గర ఒక లైను రాశాను, మెమరీలో ఆ చెడిన ముక్క జోలికి పోకుండా మిగతాది వాడుకోమని. ఆ తర్వాత ఒక్క చుక్క పడలేదు.

"తప్పు ఈ డబ్బాదన్నా. దీంట్లో చెడిన ముక్క జోలికి పోవద్దని రాసినా, ఇంక బొమ్మ చెడదు. పెద్దాయన్ను పిలిపిచ్చి వార్పు ఇయ్యి" అన్నాను.

ఓనరు వక్కాకు నములుతూ నవ్వాడు.

"అందరి ముందర తిట్టినాను. ఇప్పుడు పిలిస్తే నా మర్యాద యాడుంటాది? నువ్వేం చేసినావు? ఆ ముక్క జోలికి పోవద్దంటివి. పని జరుగుతాండాది కదా? ఆయప్ప సంగతి గూడా అంతే అనుకో."

ఆ నవ్వు చూస్తే ఉమ్మేయాలనిపించింది. నేను అంత కష్టపడి చేసిన పనిని వాడు ఎంత నీచానికి వాడుకున్నాడు!

ఆ వారంలోనే పెద్దాయన వచ్చి గడప బయట నిలబడ్డాడు. మొహాన కొత్త కళ్లద్దాలు.

"కండ్లు చూపిచ్చుకున్యానబ్బా. ఇంక చీర చెడదని ఓనరుకు చెప్పు."

"నీ కండ్లకేం కాలేదు పెద్దాయనా, మా కంప్యూటర్‌దే తప్పు" అన్నాను, లోపల ఓనరుకు వినపడేంత గట్టిగా.

ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"నా మింద ప్రేమతో చెప్తాండావు గానీ, మిషను యాడన్నా తప్పు చేస్తాదా అబ్బా? నాదే."